తెలుగునాట క్రైస్తవ క్లాసికల్ విద్య: ప్రజ్ఞ, శీలం – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:

ప్రాచీన గ్రంథాల అధ్యయనం ద్వారా విద్యార్థిలో ఆలోచనాశక్తిని, సత్ప్రవర్తనను ఏకకాలంలో పెంపొందించాలన్నది క్రైస్తవ క్లాసికల్ విద్య లక్ష్యం. ఐరోపాలో రూపుదిద్దుకొన్న ఈ భావన 19వ శతాబ్దంలో మిషనరీ విద్యాసంస్థల ద్వారా తెలుగు నేలకు చేరింది. మచిలీపట్నంలోని నోబుల్ పాఠశాల, విలియం మిల్లర్ నాయకత్వంలోని మద్రాసు క్రైస్తవ కళాశాల, ఆ కళాశాల విద్యార్థి రఘుపతి వెంకటరత్నం నాయుడు అధ్యాపక జీవితం, గుఱ్ఱం జాషువ కావ్యసృష్టి – ఈ నాలుగింటి ఆధారంగా ఆ భావన ఇక్కడ పొందిన రూపాంతరాలను ఈ వ్యాసం వివరిస్తుంది. శీల నిర్మాణంలో గ్రంథానికి ఎంత పాత్ర ఉందో గురువు జీవితానికీ అంత పాత్ర ఉందని, విద్యాలయ ద్వారం ఎవరికి తెరచి ఉందన్నదే ఆ విద్య నైతికతకు అసలైన పరీక్ష అని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: క్లాసికల్ విద్య, సద్గుణం, నోబుల్ కళాశాల, విలియం మిల్లర్, రఘుపతి వెంకటరత్నం నాయుడు, జాషువ, కులం, శీలం.

1. ఉపోద్ఘాతం:

చదువు తెలివినిస్తుందన్న విషయంలో భిన్నాభిప్రాయం లేదు. అదే చదువు శీలాన్ని కూడా ఇస్తుందా అన్న ప్రశ్నకు మాత్రం ఏ సమాజమూ తేలికగా సమాధానం చెప్పలేకపోయింది. బాగా చదివినవాడు మంచివాడై ఉండాలన్న నియమం లేదని లోకానుభవం చెబుతుంది. అయినా చదువుకున్నవాడు తప్పు చేస్తే లోకం మరింత గట్టిగా నిలదీస్తుంది. విద్యకూ శీలానికీ ఏదో సంబంధం ఉండాలన్న విశ్వాసం ఆ నిలదీతలోనే దాగి ఉంది.

తెలుగు విధిబడులలో ఈ విశ్వాసం స్పష్టంగానే కన్పిస్తుంది. అక్షరాలు దిద్దిన వెంటనే పిల్లవాడు నీతి పద్యాలను, అమరాన్ని కంఠస్థం చేసేవాడు. 1823లో బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ తన జిల్లాలోని దేశీయ పాఠశాలలపై మద్రాసు ప్రభుత్వానికి నివేదిక సమర్పించారు. బడుల నిర్వహణలోని పొదుపును, పై తరగతి పిల్లలు కింది తరగతి వారికి చదువు చెప్పే పద్ధతిని ఆయన మెచ్చుకొన్నారు. అయితే పిల్లలు వల్లించే పద్యాలు వారికి అర్థం కాని కావ్యభాషలో ఉన్నాయని ఆక్షేపించారు. ధారణ ఉంది, అవగాహన లేదు అన్నది ఆ ఆక్షేపణ సారాంశం. కంఠస్థమైన పాఠం ఆలోచనగా, ఆలోచన ఆచరణగా ఎలా మారుతుందన్నదే క్లాసికల్ విద్య ప్రధాన సమస్య. అందువల్ల మిషనరీ విద్య ఖాళీ నేలపై అడుగుపెట్టలేదని, ఇదే సమస్యతో పెనుగులాడుతున్న ఒక విద్యా సంప్రదాయం మధ్యకు వచ్చిందని గుర్తించవలసి ఉంటుంది.

2. క్లాసికల్ విద్య – మూల భావనలు:

2.1. రెండు విధాల సద్గుణాలు: అరిస్టాటిల్ తన నీతిశాస్త్రంలో సద్గుణాలను రెండుగా విభజించాడు. బుద్ధికి సంబంధించినవి ప్రధానంగా బోధన వల్ల కలుగుతాయి. నడవడికి సంబంధించినవి అభ్యాసం వల్ల కలుగుతాయి. వీణ వాయిస్తూ వైణికుడైనట్లే న్యాయమైన పనులు చేస్తూ మనిషి న్యాయవర్తనుడవుతాడు. ఈ రెండింటిని కలిపే గుణం వివేకం. ఒక సందర్భంలో ఏది చేయదగినదో గుర్తించగలగడం వివేకం కనుక అది బుద్ధిలో పుట్టి నడవడిలో ఫలిస్తుంది.

క్రైస్తవ చింతకులు ఈ విభజనను స్వీకరించి విస్తరించారు. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ వివేకం, న్యాయం, ధైర్యం, నిగ్రహం అనే నాలుగు మూల గుణాలతో పాటు విశ్వాసం, నిరీక్షణ, ప్రేమ అనే మూడు దైవదత్త గుణాలను వివరించాడు. మొదటి నాలుగు మానవ ప్రయత్నంతో అలవడుతాయి. చివరి మూడు దైవానుగ్రహం వల్ల కలుగుతాయి. అంటే క్రైస్తవ దృష్టిలో పాఠశాల చేయగలిగినది కొంతే. దాని పరిమితి ఆ సిద్ధాంతంలోనే ఉంది.

2.2. అన్యమత గ్రంథాల సమస్య: గ్రీకు, రోమను సాహిత్యం క్రైస్తవేతరమైనది. దానిని క్రైస్తవ విద్యార్థి ఎందుకు చదవాలి? ఏథెన్సుకూ యెరూషలేముకూ సంబంధమేమిటని తెర్తుల్లియన్ ప్రశ్నించాడు. అగస్టీన్ దీనికి భిన్నంగా ఆలోచించాడు. ఇశ్రాయేలీయులు ఐగుప్తును వీడేటప్పుడు అక్కడి బంగారాన్ని వెంట తెచ్చుకొన్నట్లే, సత్యం ఎక్కడున్నా దానిని స్వీకరించి సద్వినియోగం చేయవచ్చునని వాదించాడు. ఈ సమాధానం వల్లనే మధ్యయుగ క్రైస్తవ పాఠశాలల్లో వ్యాకరణం, తర్కం, వక్తృత్వం అనే మూడు విద్యలు, అంకగణితం, రేఖాగణితం, సంగీతం, ఖగోళం అనే నాలుగు విద్యలు నిలిచాయి. భారతదేశంలో ఈ ప్రశ్న తలకిందులైంది. ఇక్కడ విద్యార్థి క్రైస్తవేతరుడు, చదవవలసిన గ్రంథం క్రైస్తవం. ఐగుప్తు బంగారాన్ని ఎవరు ఎవరి నుంచి తీసుకొంటున్నారన్నది తెలుగు విద్యాచరిత్రలో ఆసక్తికరమైన ప్రశ్న.

2.3. పద్ధతి: 1599లో జెస్యూట్ సంఘం తన విద్యా ప్రణాళికకు తుదిరూపమిచ్చింది. వ్యాకరణంతో మొదలై కావ్యపఠనం, వక్తృత్వం, ఆపై తత్త్వశాస్త్రం, దైవశాస్త్రం దాకా సాగే క్రమం అది. పాఠం వినడం, పునశ్చరణ చేయడం, స్వయంగా రచించడం, ప్రత్యర్థితో వాదించడం అందులోని ప్రధానాంగాలు. విన్నది మళ్ళీ చెప్పగలగడం ధారణ, దానిని ప్రశ్నకు నిలబెట్టడం ప్రజ్ఞ, ఎదుటివాడి వాదాన్ని వక్రీకరించకుండా వినడం శీలం. ఈ మూడూ ఒకే అభ్యాసంలో కలిసి ఉండటం ఆ పద్ధతి విశిష్టత. 1947లో ఆంగ్ల రచయిత్రి డొరొతీ సేయర్స్ ఈ మధ్యయుగ క్రమాన్ని పిల్లల ఎదుగుదల దశలతో అన్వయిస్తూ చేసిన ప్రసంగం అమెరికాలో నేటి క్రైస్తవ క్లాసికల్ పాఠశాలల ఉద్యమానికి ప్రేరణగా నిలిచింది.

3. మచిలీపట్నం – నోబుల్ పాఠశాల:

తెలుగు ప్రాంతంలో ఈ ఆదర్శంతో సాగిన తొలి ప్రయత్నాలలో మచిలీపట్నం పాఠశాల ప్రముఖమైనది. చర్చి మిషనరీ సొసైటీ పక్షాన రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్, హెన్రీ వాట్సన్ ఫాక్స్ 1841లో బందరు చేరారు. నోబుల్ కేంబ్రిడ్జిలోను, ఫాక్స్ ఆక్స్‌ఫర్డులోను చదివినవారు. ఫాక్స్ అంతకుముందు రగ్బీ పాఠశాలలో థామస్ ఆర్నల్డ్ వద్ద విద్యార్థి. మతనైతిక సూత్రాలకు తొలి స్థానం, మర్యాదగల ప్రవర్తనకు రెండవ స్థానం, బుద్ధిబలానికి మూడవ స్థానం అన్నది ఆర్నల్డ్ నిర్దేశించిన క్రమం. గ్రీకు, లాటిన్ సాహిత్య బోధనను ప్రార్థనా మందిరంతో ముడివేసిన ఆ వాతావరణం నుంచి వచ్చిన ఫాక్స్ బందరులో ప్రజల మధ్య బోధకు పూనుకోగా, నోబుల్ పాఠశాల బాధ్యత వహించారు.

1843 నవంబరులో నోబుల్ పాఠశాల ఇద్దరు విద్యార్థులతో ప్రారంభమైంది. ఆంగ్ల విద్యతో పాటు బైబిలు పఠనం నిత్య పాఠంగా ఉండేది. నోబుల్ 1865లో బందరులోనే మరణించారు. ఈ 24 సంవత్సరాలలో ఆయన ఒక్కసారి కూడా స్వదేశానికి వెళ్ళలేదు, వివాహం చేసుకోలేదు. శీలం అభ్యాసం వల్ల, ఆదర్శం వల్ల వస్తుందన్న సూత్రానికి గురువు జీవితమే ఉదాహరణగా నిలవాలన్న సంకల్పం ఇందులో కన్పిస్తుంది.

3.1. 1852 సంఘటన: ఆ ఏడాది మంచాల రత్నం, ఐనాల భూషణం అనే ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకొన్నారు. పట్టణంలో తీవ్ర కలవరం రేగింది. తల్లిదండ్రులు పిల్లలను మాన్పించగా పాఠశాల దాదాపు ఖాళీ అయింది. కొంత కాలానికి విద్యార్థులు మళ్ళీ చేరారు. రత్నం, భూషణం ఇద్దరూ తర్వాత గురుపట్టం పొంది సేవ చేశారు.

ఈ సంఘటనను మతమార్పిడి చరిత్రలో భాగంగా మాత్రమే చూస్తే విద్యాపరమైన ప్రశ్న మరుగున పడుతుంది. స్వయంగా ఆలోచించడం నేర్పితే విద్యార్థి తల్లిదండ్రులకు నచ్చని నిర్ణయానికి రావచ్చు. ఆ నిర్ణయానికి నిలబడటానికి ధైర్యం కావాలి. ఆ కోణంలో ఆ విద్యార్థులు సద్గుణాన్నే ప్రదర్శించారు. మరోవైపు, చదువు కోసం పిల్లలను అప్పగించిన తల్లిదండ్రుల నమ్మకం దెబ్బతిన్నది. ఆ నమ్మకాన్ని కాపాడటం కూడా గురువు శీలంలో భాగమే. స్వేచ్ఛ, విశ్వాసపాత్రత అనే రెండు విలువలు ఢీకొన్న సందర్భమిది. యాదృచ్ఛికంగా అదే 1852లో జాన్ హెన్రీ న్యూమన్ డబ్లిన్‌లో విశ్వవిద్యాలయ భావనపై ప్రసంగాలు చేస్తూ, ఉదారవిద్య మనిషిని సంస్కారవంతుణ్ణి చేయగలదే గాని దానంతట అదే ధర్మాత్ముణ్ణి చేయలేదని హెచ్చరించారు.

3.2. మూసి ఉన్న ద్వారం: నోబుల్ పాఠశాల తొలి దశలో మాల, మాదిగ కులాల పిల్లలకు ప్రవేశం లేదు. పై కులాల వారిని విద్యతో ఆకట్టుకొంటే ఆ ప్రభావం క్రమంగా కింది వరకు దిగుతుందన్న అంచనా ఆనాటి మిషనరీ విద్యావిధానంలో బలంగా ఉండేది. చరిత్ర ఆ అంచనాను తలకిందులు చేసింది. 1859లో పగోలు వెంకయ్య అనే మాల కులస్థుడు బాప్తిస్మం పొందిన తర్వాత కృష్ణా ప్రాంతంలో క్రైస్తవం దళిత పల్లెల్లో విస్తరించసాగింది. ఒంగోలు ప్రాంతంలో 1878 కరువు అనంతరం బాప్టిస్టు మిషన్‌లో వేలాది మంది చేరారు.

ఫలితంగా స్థూలంగా రెండు అంచెల విద్య ఏర్పడింది. పట్టణ పాఠశాలలో సాహిత్యం, తర్కం, వక్తృత్వం. పల్లెబడిలో అక్షరాస్యత, ప్రశ్నోత్తర రూపమైన మతబోధ. పల్లెబడి చేసిన మేలు తక్కువది కాదు. తరతరాలుగా అక్షరం దక్కనివారికి అది అక్షరాన్ని ఇచ్చింది. అయినా ప్రజ్ఞను పెంచే గ్రంథాలు ఒకరికి, విధేయతను నేర్పే పాఠాలు మరొకరికి అన్న విభజన ఆ విద్య చెప్పుకొన్న న్యాయ గుణానికే విరుద్ధం. అక్వినాస్ చెప్పిన నాలుగు మూల గుణాలలో ధైర్యం, నిగ్రహం నోబుల్ జీవితంలో నిండుగా ఉన్నాయి. న్యాయం మాత్రం పాఠశాల గుమ్మం దగ్గర ఆగిపోయింది.

4. విలియం మిల్లర్ – సాహిత్యం ద్వారా నీతి:

1837లో మద్రాసులో జాన్ ఆండర్సన్ ప్రారంభించిన స్కాటిష్ పాఠశాల కాలక్రమంలో మద్రాసు క్రైస్తవ కళాశాలగా ఎదిగింది. 1862లో వచ్చిన విలియం మిల్లర్ 1907 వరకు దానికి సారథ్యం వహించారు. తెలుగు జిల్లాల నుంచి ఉన్నత విద్యకు మద్రాసు వెళ్ళే యువకులకు ఆ కళాశాల ముఖ్య గమ్యం.

మిల్లర్ దృష్టి నోబుల్ దృష్టికి భిన్నమైనది. విద్యార్థి బాప్తిస్మం తీసుకోవడం కళాశాల తక్షణ లక్ష్యం కాదని, క్రైస్తవ విలువలు సమాజంలోకి నెమ్మదిగా వ్యాపించి దాని అంతరంగాన్ని సిద్ధం చేయాలని ఆయన భావించారు. సహమిషనరీలలో కొందరు ఈ వైఖరిని ఆక్షేపించినా ఆయన వెనుకకు తగ్గలేదు.

ఈ దృష్టిలో సాహిత్యానికి ప్రత్యేక స్థానం లభించింది. లాటిన్, గ్రీకు కావ్యాలు ఐరోపా పాఠశాలలో నిర్వహించిన పాత్రను ఇక్కడ షేక్‌స్పియర్ నాటకాలు నిర్వహించాయి. 1900 ప్రాంతంలో మిల్లర్ ‘కింగ్ లియర్’ను భారత రాజకీయాలతో, ‘మాక్‌బెత్’ను ఆత్మ పతనంతో, ‘ఒథెలో’ను శీల భంగంతో, ‘హామ్లెట్’ను వ్యర్థమైన జీవితంతో అన్వయిస్తూ వరుసగా గ్రంథాలు వెలువరించారు. వాటి శీర్షికలే ఆయన పఠన పద్ధతిని తెలుపుతాయి. నాటకంలోని పాత్ర ఎక్కడ, ఏ చిన్న పొరపాటుతో జారిపోయిందో విద్యార్థి గుర్తించాలి. ఆ గుర్తింపు అతని జీవితంలో వివేకంగా మారాలి. ఇది రసాస్వాదన కన్న నైతిక పరీక్షకే ప్రాధాన్యమిచ్చే పఠనమన్న విమర్శకు తావుంది. అయితే పరీక్షలో మార్కుల కోసం వల్లించే చదువుకు ఇది ప్రత్యామ్నాయమన్నది గమనార్హం. 1854 నాటి వుడ్ విద్యా నివేదన వల్ల మిషనరీ పాఠశాలలకు ప్రభుత్వ సహాయం లభించే మార్గం ఏర్పడింది. 1857లో స్థాపితమైన మద్రాసు విశ్వవిద్యాలయ పరీక్షలు పాఠ్యాంశాలను శాసించసాగాయి. సంస్థ బలపడిన కొద్దీ శీల బోధనకు వ్యవధి తగ్గిపోవడం ఆనాటికే మొదలైంది.

5. రఘుపతి వెంకటరత్నం నాయుడు – గురువే గ్రంథం:

ఈ విద్య తెలుగు నేలలో పొందిన అత్యంత ఫలవంతమైన రూపం ఒక క్రైస్తవేతరుని జీవితంలో కన్పిస్తుంది. రఘుపతి వెంకటరత్నం నాయుడు 1862లో మచిలీపట్నంలో జన్మించారు. తండ్రి సైనికోద్యోగి కావడం వల్ల ఆయన పాఠశాల విద్య హైదరాబాదులో సాగింది. అనంతరం మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి మిల్లర్ ప్రభావానికి లోనయ్యారు. అయినా క్రైస్తవం స్వీకరించలేదు. బ్రహ్మసమాజాన్ని ఆశ్రయించి జీవితాంతం అందులోనే నిలిచారు. సత్యం ఎక్కడున్నా గ్రహించవచ్చునన్న అగస్టీన్ సూత్రాన్ని ఆయన తిరుగుదిశలో ఆచరించారని చెప్పవచ్చు. క్రైస్తవ విద్యలోని శీలాదర్శాన్ని గ్రహించి దానిని తన ఏకేశ్వరోపాసనలో ఇముడ్చుకొన్నారు.

బందరు నోబుల్ కళాశాలలో ఆంగ్లాధ్యాపకులుగా, తర్వాత సికింద్రాబాదు మహబూబ్ కళాశాల అధ్యక్షులుగా, ఆపై 1919 వరకు కాకినాడ పిఠాపురం రాజా కళాశాల అధ్యక్షులుగా ఆయన పనిచేశారు. 1925 నుంచి 1928 వరకు మద్రాసు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగా ఉన్నారు. భోగరాజు పట్టాభి సీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు నోబుల్ కళాశాలలో ఆయన శిష్యులు. 1910లో కోపల్లె హనుమంతరావుతో కలిసి బందరులో ఆంధ్ర జాతీయ కళాశాలను నిర్మించినవారు వీరే. అంటే మిషనరీ కళాశాలలో శిక్షణ పొందిన తరం, ఆ విద్యకు ప్రత్యామ్నాయంగా జాతీయ విద్యను రూపొందించింది. స్వతంత్రంగా ఆలోచించడం నేర్పిన విద్యకు ఇది పరాజయం కాదు, ఫలితం. కాకినాడలో ఆయన సాన్నిధ్యం దేవులపల్లి కృష్ణశాస్త్రి వంటి కవిని బ్రహ్మసమాజ భావాల వైపు నడిపింది.

ఆయన బోధనలో మూడు లక్షణాలు ప్రధానమైనవి. మొదటిది, చెప్పినదానికీ చేసినదానికీ నడుమ ఎడం లేకపోవడం. ఆనాడు పెద్దల ఇళ్ళ వేడుకల్లో వేశ్యల నాట్యం మర్యాదగా చెల్లుబాటయ్యేది. ఆయన దానిని బహిరంగంగా వ్యతిరేకించి, అలాంటి వేడుకలకు హాజరు కావడానికి నిరాకరించారు. రెండవది, సాహిత్య పాఠాన్ని జీవిత ప్రశ్నగా మలచడం. ఇది మిల్లర్ నుంచి వచ్చిన వారసత్వం. మూడవది, అన్నింటికన్న ముఖ్యమైనది, ద్వారం తెరవడం. పిఠాపురం మహారాజా సూర్యారావు సహకారంతో కాకినాడ కళాశాలలో స్త్రీలకు, దళిత విద్యార్థులకు ఆయన చోటు కల్పించారు. దళిత విద్యార్థుల వసతి గృహానికి, అనాథాశ్రమానికి అండగా నిలిచారు. నోబుల్ పాఠశాల గుమ్మం దగ్గర ఆగిపోయిన న్యాయ గుణం, ఆ పాఠశాలలోనే ఒకప్పుడు బోధించిన బ్రహ్మసామాజికుని చేతిలో ముందడుగు వేసింది.

6. గ్రంథాల ఎంపిక – శీలవాదానికి ఉన్న పరిమితి:

శీలాన్ని కొలమానంగా తీసుకొని సాహిత్యాన్ని చదివే పద్ధతికి ఒక ప్రమాదం ఉంది. ఏది చదవదగినది, ఏది కాదు అన్న నిర్ణయం అధికారంలో ఉన్నవారి అభిరుచికి లోబడుతుంది. విక్టోరియా యుగపు నైతిక దృష్టి తెలుగు సంస్కర్తలలోనూ ప్రవేశించింది. 18వ శతాబ్దపు కవయిత్రి ముద్దుపళని రచించిన ‘రాధికా సాంత్వనము’ను కందుకూరి వీరేశలింగం అశ్లీలమని నిందించారు. బెంగుళూరు నాగరత్నమ్మ దానిని 1910లో సమగ్రంగా పరిష్కరించి ప్రకటించగా ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం 1947లో గాని తొలగలేదు. పురుషకవుల శృంగార ప్రబంధాలను సహించిన అభిరుచి స్త్రీ రచనను సహించలేకపోయిందన్న నాగరత్నమ్మ వాదం నేటికీ బలమైనదే.

నాట్య వ్యతిరేకోద్యమానికీ ఇదే పరిశీలన వర్తిస్తుంది. దాని నైతిక సంకల్పం నిజాయితీ గలదే అయినా, భారం ప్రధానంగా కళావంతుల స్త్రీల జీవనోపాధిపై, కళపై పడింది. వెంకటరత్నం నాయుడు వంటి శీలవంతుని ఆచరణ కూడా ఈ ప్రశ్నకు అతీతం కాదు. నిగ్రహం సద్గుణమే. కానీ న్యాయం తోడు లేని నిగ్రహం ఇతరుల పట్ల కాఠిన్యంగా మారవచ్చు. సద్గుణాలు విడివిడిగా ఉండవని, ఒకటి లోపిస్తే మిగిలినవి వక్రిస్తాయని ప్రాచీనులు చెప్పినది ఇందుకే.

7. జాషువ – ద్వారం బయటి నుంచి క్లాసికల్ విద్య:

క్రైస్తవ వస్తువును తెలుగు ప్రబంధ రూపంలో చెప్పడం మిషనరీ కళాశాలల కన్న ముందే ఉంది. మంగళగిరి ఆనందకవి ‘వేదాంత రసాయనము’, పింగళి ఎల్లనార్యుని ‘తోభ్య చరిత్ర’ ఇందుకు ఉదాహరణలు. అయితే క్లాసికల్ రూపం, క్రైస్తవ అంతరాత్మ, సామాజిక న్యాయం – ఈ మూడూ ఒకచోట కలిసినది గుఱ్ఱం జాషువ కవిత్వంలోనే.

1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో జన్మించిన జాషువ గుంటూరులో లూథరన్ మిషన్ ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పనిచేశారు. సంస్కృతాంధ్ర కావ్యాలను పట్టుదలతో అభ్యసించి ఉభయ భాషా ప్రవీణులయ్యారు. ఈ అభ్యాసానికి ఆయన రెండు వైపులా మూల్యం చెల్లించారు. అగ్రవర్ణ పండితులు ఆయన కులాన్ని చూసి కవిత్వాన్ని చులకన చేశారు. క్రైస్తవ పెద్దలు ఆయన పురాణ కావ్య పఠనాన్ని అనుమానించారు. తెర్తుల్లియన్ ప్రశ్న వినుకొండలో మళ్ళీ వినిపించింది.

1941 నాటి ‘గబ్బిలం’ ఆ ప్రశ్నకు కావ్యరూపమైన సమాధానం. కాళిదాసు ‘మేఘసందేశం’ సంప్రదాయాన్ని గ్రహించి జాషువ మేఘం స్థానంలో గబ్బిలాన్ని నిలిపారు. విరహి యక్షుని స్థానంలో ఆకలితో, అవమానంతో ఉన్న దళితుడున్నాడు. ప్రియురాలికి కాక కాశీ విశ్వేశ్వరునికి సందేశం వెళుతుంది. గుడిలోకి మనిషికి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. ఈ ఒక్క కల్పనలో ప్రజ్ఞాగుణం, శీలగుణం విడదీయరానివిగా కలిశాయి. సందేశకావ్య లక్షణాలు క్షుణ్ణంగా తెలిస్తే తప్ప ఆ వ్యంగ్యం సాధ్యం కాదు. న్యాయదృష్టి లేకపోతే ఆ కావ్య లక్షణాలతో పనిలేదు. క్లాసికల్ విద్యలోని వ్యాకరణ, తర్క, వక్తృత్వాలు ఇక్కడ అన్యాయాన్ని ప్రశ్నించే సాధనాలయ్యాయి. ఆయన ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

ఇటువంటి కవిని ఏ మిషనరీ కళాశాల ప్రణాళికా ముందుగా ఊహించలేదు. పల్లెబడి స్థాయి చదువుతో తృప్తిపడవలసినదిగా భావించిన సమూహం నుంచి వచ్చిన వ్యక్తి, తనకు ఎవరూ అందించని గ్రంథాలను తానే అందుకొన్నారు. క్లాసికల్ గ్రంథం ఒక వర్గం సొత్తు కాదని, దానిని అందరికీ అందించడమే న్యాయమని ఆయన జీవితం నిరూపిస్తుంది.

8. సమకాలీన ప్రాసంగికత:

ఈ సంప్రదాయం వేర్వేరు రూపాల్లో కొనసాగింది. 1885లో స్థాపితమైన గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో విశ్వనాథ సత్యనారాయణ వంటి సనాతన సంప్రదాయ కవి తెలుగు బోధించగలిగారు. విజయవాడలో 1954లో తరగతులు ప్రారంభించిన ఆంధ్ర లొయోలా కళాశాల జెస్యూట్ విద్యాదర్శాన్ని తెలుగు విద్యార్థులకు చేరువ చేసింది. 1964లో రాజమండ్రిలో ఏర్పడి తర్వాత హైదరాబాదుకు తరలిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలో గ్రీకు, హీబ్రూ భాషల బోధన కొనసాగుతోంది. సెరంపూర్ విద్యాపరిషత్తుతో దానికి అనుబంధం ఉంది. 1814లో తెలుగు వ్యాకరణాన్ని ప్రకటించిన విలియం కేరీ, తన సహచరులతో కలిసి 1818లో సెరంపూర్ కళాశాలను స్థాపించినప్పుడు ప్రాచ్య సాహిత్యాన్ని, పాశ్చాత్య విజ్ఞానాన్ని కలిపి బోధించాలని సంకల్పించారు. ఆ రెండింటి సమ్మేళనం నేటికీ అసంపూర్ణంగానే మిగిలింది.

హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం, దానిని ఆనుకొన్న తార్నాక, అంబర్‌పేట ప్రాంతాలు నేడు వేలాది విద్యార్థులకు, పరిశోధకులకు నెలవు. అక్కడికి దగ్గరలోనే, సికింద్రాబాదులో, వెంకటరత్నం నాయుడు అధ్యక్షత వహించిన మహబూబ్ కళాశాల ఉంది. ఈ విద్యావాతావరణంలో బౌద్ధిక సద్గుణం అన్న మాటకు నిత్యజీవిత సంబంధమైన అర్థం ఉంది. ఇతరుల వాక్యాన్ని తనదిగా చెప్పుకోకపోవడం, చదవని గ్రంథాన్ని ఉటంకించకపోవడం, తన ప్రతిపాదనకు వ్యతిరేకమైన ఆధారాన్ని దాచకపోవడం పరిశోధకుని శీలం. గ్రంథచౌర్య నివారణకు విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో నియమావళి వెలువరించింది. 10 శాతం వరకు సారూప్యానికి శిక్ష లేదని, అది దాటితే స్థాయిని బట్టి చర్యలుంటాయని అందులో ఉంది. ఈ నియమం అవసరమే. కానీ యంత్రం సారూప్యాన్ని కొలవగలదే గాని నిజాయితీని పుట్టించలేదు. 9 శాతం వద్ద ఆగిన సిద్ధాంత గ్రంథం నిర్దోషమని నిబంధన చెప్పవచ్చు. అది నిజాయితీతో కూడినదా కాదా అన్నది రచయితకు, అతని పర్యవేక్షకునికి మాత్రమే తెలుస్తుంది. పర్యవేక్షకుడు తన విద్యార్థి ముందు ఎలా చదువుతాడు, తన పొరపాటును ఎలా ఒప్పుకొంటాడు అన్నదే అక్కడ అసలు పాఠం.

9. ముగింపు:

ఈ పరిశీలన వల్ల కింది అంశాలు తేటతెల్లమవుతాయి.

• క్రైస్తవ క్లాసికల్ విద్య తెలుగు నేలకు లాటిన్, గ్రీకు గ్రంథాలతో కాక బైబిలు, ఆంగ్ల సాహిత్యాల రూపంలో చేరింది. గ్రంథాలు మారినా ప్రజ్ఞ, శీలం కలిసి పెరగాలన్న లక్ష్యం మారలేదు.

• శీల నిర్మాణంలో గురువు ఆచరణకు గ్రంథంతో సమానమైన స్థానముంది. నోబుల్, మిల్లర్, వెంకటరత్నం నాయుడు ముగ్గురి విషయంలోనూ ఇది రుజువైంది.

• ఈ విద్య ఫలితం మతమార్పిడి సంఖ్యలో కన్న స్వతంత్ర చింతనలో, సంస్కరణలో ఎక్కువగా కన్పిస్తుంది. దాని ఉత్తమ వారసులలో కొందరు క్రైస్తవులు కారు.

• శీలం పేరిట గ్రంథాలను నిషేధించడం, బలహీనులపై భారం మోపడం ఈ సంప్రదాయంలోని లోపాలు. న్యాయ గుణం తోడైనప్పుడే మిగిలిన గుణాలు నిలుస్తాయి.

• ఉత్తమ గ్రంథాలు కొందరికే పరిమితమైనంత కాలం ఆ విద్య తన కొలమానం ప్రకారమే విఫలమైనట్లు. జాషువ కావ్యం ఆ వైఫల్యానికి సాక్ష్యం, పరిష్కారం కూడా.

విద్య శీలాన్ని ఇస్తుందా అన్న ప్రశ్నకు తెలుగు విద్యాచరిత్ర ఇచ్చే సమాధానం షరతులతో కూడినది. చదివించేవారు తాము బోధించినదానిని జీవించినప్పుడు, చదువుకోవాలన్న ప్రతివారికీ తలుపు తెరచి ఉన్నప్పుడు ఇస్తుంది. ఈ రెండు షరతులలో ఏది లోపించినా మిగిలేది పాండిత్యం మాత్రమే.